సర్టిఫికెట్ మీద గంటలు రాయండి: బెంగళూరు బ్యూటీ అకాడమీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నిర్వాహకులకు,

నమస్కారం. నేను బెంగళూరు రామమూర్తి నగర్‌లో పంతొమ్మిదేళ్లుగా ఆడవాళ్ల బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. మాది మదనపల్లె. పెళ్లయి ఇక్కడికి వచ్చాక ఒక కన్నడ అమ్మగారి పార్లర్‌లో రెండేళ్లు తువ్వాళ్లు ఉతికి, ట్రాలీలు సర్ది, చివరికి దారం చేతికి అందుకుని పని నేర్చుకున్నాను. రెండు కుర్చీలతో మొదలుపెట్టిన నా పార్లర్‌లో ఇప్పుడు ఐదుగురు అమ్మాయిలు పనిచేస్తున్నారు. వాళ్లలో నలుగురు చిత్తూరు, అనంతపురం వైపు వాళ్లే. మీరు నేర్పి పంపే అమ్మాయిలకు మొదటి ఉద్యోగం ఇచ్చేది ఎక్కువగా నాలాంటి చిన్న పార్లర్లే కాబట్టి, మీ కోర్సుల్లో ఏం నేర్పుతున్నారో మాకు త్వరగానే తెలిసిపోతుంది. మాకన్నా ముందు మా కస్టమర్ల చర్మానికి తెలుస్తుంది. ఈ ఉత్తరం అందుకే రాస్తున్నాను.

మొన్న మార్చిలో పుంగనూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ పీజీలో ఉంటున్న ఇరవై రెండేళ్ల అమ్మాయి పని అడగడానికి మా పార్లర్‌కు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో బంగారు అంచు దిద్దిన సర్టిఫికెట్, దాని మీద భూగోళం బొమ్మ, ‘ఇంటర్నేషనల్’, ‘అడ్వాన్స్‌డ్ డిప్లొమా’ అనే మాటలు ఉన్నాయి. కోర్సు మూడు నెలలు, ఫీజు లక్షా ఎనభై వేలు. టమాటాకు ధర వచ్చిన ఏడాది కావడంతో తండ్రి సగం కట్టాడట. మిగతా సగం అకాడమీవాళ్లే ఒక ఫైనాన్స్ కంపెనీతో మాట్లాడి ఇప్పించిన అప్పు, నెలకు 9,000 కంతు. ఆ అకాడమీ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఒక్కరి సంగతే అనుకుని మిగిలినవారు ఊపిరి పీల్చుకుంటారు.

నేను ఎవరికైనా ఉద్యోగం ఇచ్చే ముందు మా అమ్మాయిల్లో ఒకరి కనుబొమలకు త్రెడింగ్, నా చేతికే వ్యాక్సింగ్ చేయించి చూస్తాను. ఆ అమ్మాయి దారాన్ని పంటితో బాగానే పట్టుకుంది, మెలికలు కూడా సరిగ్గానే వేసింది. కానీ కుర్చీలో కూర్చున్న మనిషిని కనురెప్ప మీద ఒక వేలు, కనుబొమ పైన ఒక వేలు పెట్టి చర్మాన్ని బిగించి పట్టుకోమని చెప్పలేదు. వదులుగా ఉన్న చర్మం మీద దారం నడిపితే వెంట్రుకతో పాటు చర్మం కూడా మెలికలో పడుతుంది. రెండో లాగుకే మా అమ్మాయి ‘అబ్బా’ అంది. కనుబొమ కింద సన్నని ఎర్ర గీత తేలింది. వ్యాక్స్ వేడి ఎంత ఉందో తన మణికట్టు లోపలి వైపు రాసి చూసుకోకుండానే నా చేతికి పూసింది. వెంట్రుక పెరిగిన దిక్కుకే పూసింది, అది మెచ్చుకోవాలి. లాగేటప్పుడు మాత్రం స్ట్రిప్‌ను చర్మానికి ఆనించి వెనక్కి లాగవలసింది పోయి పైకి ఎత్తి లాగింది. అలా లాగితే వెంట్రుక మధ్యలో తెగుతుంది, చర్మం కందిపోతుంది. నా ముంజేతి మీద ఆ నీలి మచ్చ పది రోజులు ఉంది. ఆ పది రోజులూ ఎవరేమిటని అడిగినా ‘డిప్లొమా’ అని చెప్పాను.

తరువాత ఆమెను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కోర్సులో ఎంతమందికి చేశావమ్మా అని అడిగాను. వేళ్లు మడుచుకుంటూ లెక్క చెప్పింది: ‘త్రెడింగ్ నలుగురికి అక్కా, నలుగురూ మా బ్యాచ్ వాళ్లే. ఫేషియల్ రెండు. హెయిర్ కట్ డమ్మీ మీద ఒకసారి. కలర్ మేడమ్ చేస్తుంటే వీడియో తీసుకున్నాం.’ మిగిలిన రోజులు ఏమయ్యాయంటే, ఎక్కువ భాగం పెళ్లికూతురి మేకప్‌కు పోయాయట. ఒక మోడల్ చుట్టూ పద్దెనిమిది మంది నిలబడి చూశారట. అమ్మాయి తెలివైనది, చెయ్యి నిలకడగలది. ఆమె తప్పు నాకు ఎక్కడా కనబడలేదు. అందుకే పనిలోకి తీసుకున్నాను. మొదటి రెండు నెలలు ఆమె తన కాలి మీది వెంట్రుకల మీదే దారం నడిపి నేర్చుకుంది. ఆ కాలు లక్షా ఎనభై వేలు కట్టకముందు కూడా ఆమె దగ్గరే ఉంది.

మీ బ్రోషర్లలో కోర్సు నెలల్లో ఉంటుంది, ఫీజు రూపాయల్లో ఉంటుంది, గంటల లెక్క ఎక్కడా ఉండదు. ఈ వృత్తిని శ్రద్ధగా నేర్పే చోట లెక్క గంటల్లోనే పెడతారు. మన ఐటీఐలలో పదో తరగతి పాసైనవారి కోసం ఉన్న ఏడాది కాస్మెటాలజీ ట్రేడ్‌ను చూడండి: మొత్తం 1200 గంటలు, అందులో 840 గంటలు ప్రాక్టికల్, 240 గంటలు థియరీ, 120 గంటలు ఉద్యోగానికి పనికివచ్చే మాట తీరు, కంప్యూటరు వంటివి, ఇవి కాక పని జరిగే చోటనే మరో 150 గంటల శిక్షణ, చివర దేశమంతటికీ ఒకటే పరీక్ష. మీలో చాలామంది గోడల మీద కనిపించే ‘ఇంటర్నేషనల్’ అనే మాటకు నిజంగా హక్కు ఉన్న సంస్థల్లో ఒకటైన సిడెస్కో 1946 నుంచి ఉంది. దాని బ్యూటీ థెరపీ డిప్లొమాకు కూడా 1200 గంటల శిక్షణ కావాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కాస్మెటాలజీ లైసెన్సుకు 1600 గంటలు నేర్చుకోవాలన్న నిబంధన ఉండేది. అది మరీ ఎక్కువని 2022 నుంచి 1000కి తగ్గించారు. రోజుకు మూడు గంటల చొప్పున, వారానికి ఐదు రోజులు నడిచే మీ మూడు నెలల కోర్సు 200 గంటలైనా దాటదు. అందులో పద్దెనిమిది మంది వంతులు వేసుకుంటే ఒక్కో అమ్మాయి చేతికి దక్కేది ఎంతో మీరే లెక్క వేసుకోండి.

మన దగ్గర ఈ పని చేయడానికి కాలిఫోర్నియాలో లాంటి లైసెన్సు పరీక్ష లేదు. షాపుకు ట్రేడ్ లైసెన్సు కావాలి, చేతికి అక్కర్లేదు. దాని వల్ల చదువు లేని ఆడవాళ్లు కూడా ఈ వృత్తిలో నిలబడగలిగారు, నేనూ అలా నిలబడినదాన్నే, కాబట్టి లైసెన్సు పెట్టమని నేను అడగడం లేదు. అది లేని చోట మీ సర్టిఫికెట్టే లైసెన్సు స్థానంలో చెలామణి అవుతోంది కనుక, అందులో ఉన్నది నిజమై ఉండాలని మాత్రమే అడుగుతున్నాను. ఏ పని ఎన్ని గంటలు నేర్పారు, ఆ అమ్మాయి స్వయంగా ఎంతమంది మనుషుల మీద చేసింది, వారిలో తోటి విద్యార్థులు కానివారు ఎంతమంది, టీచరు పక్కన నిలబడి చూసినవి ఎన్ని అనేది సర్టిఫికెట్ వెనకవైపు అచ్చు వేయండి. డ్రైవింగ్ నేర్పేవాడు కూడా ఎన్ని క్లాసులని ముందే చెబుతాడు.

గంటల గురించి ఇంతగా పట్టుబట్టడానికి నా సొంత కారణం ఒకటుంది. పార్లర్ పెట్టిన కొత్తలో, పండగకు రెండు రోజుల ముందు ఒకావిడ జుట్టుకు రంగు వేయించుకోవడానికి వచ్చారు. ఎన్నో ఏళ్లుగా ఇంట్లో నల్ల మెహందీ పెట్టుకుంటున్నానని ఆవిడే చెప్పారు. మెహందీ అంటే ఆకే కదా అనుకుని నేను రంగు కలిపి వేసేశాను. మర్నాడు పొద్దున ఆవిడ భర్త ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే రెండు కళ్లూ తెరుచుకోలేనంతగా వాచిపోయి ఉన్నాయి, చెవుల వెనక నీరు కారుతోంది. చర్మ వైద్యులు చెబితేగాని నాకు తెలియలేదు: నల్లగా పండే మెహందీ పొడుల్లో చాలావాటికి ఆ నలుపు వచ్చేది గోరింటాకు వల్ల కాదు, పీపీడీ అనే రసాయనం వల్ల, జుట్టు రంగుల్లో ఉండేదీ అదే. ఏళ్ల తరబడి తగిలి తగిలి ఒంటికి పడకుండా పోయిన రసాయనాన్ని నేను మళ్లీ తల నిండా పట్టించాను. రెండు రోజుల ముందు చెవి వెనక చుక్కంత రాసి చూసి ఉంటే తెలిసిపోయేది. ఆవిడ నన్ను ఏమీ అనలేదు. మళ్లీ రాలేదు కూడా.

ఇలా ముందుగా చుక్కంత రాసి చూడడాన్నే ప్యాచ్ టెస్ట్ అంటారు. ఇప్పుడు మా దగ్గరకు వచ్చే డిప్లొమా అమ్మాయిలను అది ఎందుకని అడిగితే ‘అలర్జీ కోసం’ అని ఠక్కున చెబుతారు. ఎప్పుడైనా చేశారా అంటే చేయలేదంటారు. జుట్టు రంగులో కలిపే డెవలపర్ సీసా మీద ట్వెంటీ వాల్యూమ్ అని ఉంటుందని తెలుసు. ఆ ఇరవై అంటే సుమారు 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అనీ, ముప్పై అంటే 9, నలభై అంటే 12 అనీ, నలభైని నెత్తి చర్మానికి తగలనిస్తే ఏమవుతుందో తెలిసిన అమ్మాయిని నేను ఇంతవరకు ఒక్కరినే చూశాను. ఆమె ఐటీఐలో చదివింది. కొన్ని స్ట్రెయిటెనింగ్ క్రీములు వేడి ఇస్త్రీ తగిలేసరికి ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతాయి. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో దానిని 2004లోనే చేర్చారు. కస్టమర్ దాన్ని ఏడాదికి ఒకసారి పీలుస్తుంది. ఏసీ గదిలో తలుపులు వేసుకుని రోజూ పీల్చేది పని చేసే అమ్మాయి. అందుచేత రసాయనాల పాఠాన్ని మీరు కస్టమర్ కోసం కాకపోయినా, మీకు ఫీజు కట్టిన అమ్మాయి ఊపిరితిత్తుల కోసమైనా నేర్పాలి.

మరో సంగతి. ఈమధ్య మీలో కొందరు ‘క్లినికల్ కాస్మెటాలజీ’ పేరుతో శని, ఆదివారాల్లో సూదులతో చేసే పనులు, ఫిల్లర్లు, లేజర్ నేర్పుతున్నట్టు ప్రకటనలు ఇస్తున్నారు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం కాస్మెటిక్ అంటే ఒంటికి రాసేది, పూసేది, చల్లేది వంటిది. సూదితో చర్మం లోపలికి ఎక్కించేది కాదు. జుట్టు మార్పిడి విషయంలో 2022లో జాతీయ వైద్య కమిషన్ అది వర్క్‌షాపుల్లో, వీడియోల్లో చూసి చేసే పని కాదనీ, శిక్షణ పొందిన డాక్టర్లే చేయాలనీ స్పష్టంగా చెప్పింది. స్టెరాయిడ్ కలిసిన క్రీముల్లో 14 రకాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చినా, ముఖం తెల్లబడుతుందంటూ వాటిని కలిపి డబ్బాల్లో పెట్టి ఇచ్చే ‘ఫార్ములా’లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. చర్మ వైద్యుల క్లినిక్కుల్లో సహాయకులుగా పనిచేయడం మన అమ్మాయిలకు మంచి ఉద్యోగమే, జీతం కూడా పార్లర్ కంటే మెరుగు. ఆ ఉద్యోగానికి నేర్పండి. డాక్టరు లేని గదిలో సూది పట్టుకోవడం మాత్రం నేర్పకండి; రేపు కేసు అయితే పేరు బయటపడేది ఆ అమ్మాయిదే.

ఇక ఉద్యోగాల సంగతి. నెలకు యాభై వేలు, సొంత బ్రాండు, ఫారిన్ అవకాశాలు అని మీ ప్రకటనలు చెబుతాయి. మా పార్లర్‌లో కొత్తగా చేరినవారికి నేను ఇస్తున్నది నెలకు 16,000 రూపాయలు, మధ్యాహ్నం భోజనం, చేసిన పనిని బట్టి కొంత కమిషన్. పీజీకి పోను, మీరు ఇప్పించిన అప్పు కంతు పోను ఆ అమ్మాయికి మిగిలేది ఇంటికి వెళ్లిరావడానికి బస్సు చార్జీ. మూడేళ్లు ఓపిక పట్టి కటింగ్, కలర్ రెండూ చేతికి వస్తే జీతం రెట్టింపు దాటుతుంది. ఇది కూడా నేను చూసిన లెక్కే, అబద్ధం చెప్పను. యాప్‌ల ద్వారా ఇళ్లకు వెళ్లి చేసేవారికి ఇంకా ఎక్కువే వస్తుంది. కానీ సామాను సంచి మోసుకుని ట్రాఫిక్‌లో తిరగడం, రేటింగ్ తగ్గితే బుకింగులు తగ్గడం కూడా ఆ ఉద్యోగంలో భాగమేనని ముందుగా చెప్పేవారు లేరు.

మీరు ఎక్కువగా అమ్మేది పెళ్లికూతురి మేకప్ కల. అందులో డబ్బు ఉంది, కాదనను. అయితే మన తెలుగువాళ్ల పెళ్లిళ్లకు ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికి ఉంటే మేకప్ చేసే అమ్మాయి అర్ధరాత్రి ఒంటిగంటకే కల్యాణ మండపంలో ఉండాలి; జడకు పూలు కట్టేవారు, చీర కట్టేవారు, మేకప్ చేసేవారు ముగ్గురూ తానే కావాలి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. మూఢం వస్తే అసలే ఉండవు. శ్రావణంలో ఒకే రోజు మూడు పిలుపులు వస్తాయి, రెండు వదులుకోవాలి. ఏడాదిలో ఎన్ని నెలలు చెయ్యి ఖాళీగా ఉంటుందో పంచాంగం ముందు పెట్టుకుని లెక్క వేయించే పాఠం మీ సిలబస్‌లో ఎక్కడా లేదు. ఫౌండేషన్ షేడ్ ఎంచుకోవడం కంటే ఆ లెక్క నేర్చుకున్నవారే ఈ రంగంలో నిలబడ్డారని నా అనుభవం.

మిగిలిన దారుల గురించి మీరు మాట్లాడటమే లేదు. కాస్మెటిక్ కంపెనీలకు ఊరూరా తిరిగి పార్లర్లవాళ్లకు తమ సరుకు వాడకం నేర్పే ట్రైనర్లు కావాలి. కన్నడం, తెలుగు, తమిళం మూడూ వచ్చిన మన సరిహద్దు జిల్లాల పిల్లలకు ఇంతకంటే అచ్చివచ్చే పని లేదు. ఐటీఐలలో బోధించాలంటే ఒక ఏడాది ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ ఉంది. మన బెంగళూరులోనే హోసూరు రోడ్డులో కేంద్ర ప్రభుత్వం మహిళల కోసం నడిపే జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థలో కాస్మెటాలజీ నేర్పుతారు. ఆ సంగతి మా దగ్గరకు వచ్చే డిప్లొమా అమ్మాయిల్లో ఒక్కరికీ తెలియదు. సినిమా మేకప్ మాటకు వస్తే, బొంబాయి సినిమా మేకప్ సంఘం ఆడవాళ్లకు హెయిర్ డ్రెసర్ కార్డు ఇచ్చేదే గాని మేకప్ ఆర్టిస్టు కార్డు ఇచ్చేది కాదు. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్టు సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడితే 2014 నవంబరు 10న ఆ నిబంధన చెల్లదని తీర్పు వచ్చింది. మీ క్లాసుల్లో హీరోయిన్ల ఫొటోలు చాలా ఉంటాయి. వాటి పక్కన ఈమె ఫొటో కూడా ఒకటి పెట్టవచ్చు.

సొంతంగా పార్లర్ పెట్టుకునేవారికి ముద్రా రుణం ఉంది. 50,000 వరకు శిశు, ఆ పైన ఐదు లక్షల వరకు కిశోర్. చేతివృత్తులవారి కోసం 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో క్షురక వృత్తి ఉంది, బ్యూటీషియన్ పని విడిగా లేదు. మంగలి వృత్తిని సంప్రదాయ వృత్తిగా గుర్తించిన ప్రభుత్వానికి ఆ ఇళ్ల ఆడవాళ్లు తరతరాలుగా పెళ్లికూతుళ్లకు నలుగు పెట్టి, గోళ్లు తీసి చేసిన పని మాత్రం ఇంకా లెక్కలోకి రాలేదు. ఇది మీతో తేలే విషయం కాదు, పక్కన పెడతాను.

మీతో తేలేవి ఇవి. ఫీజు తీసుకునే ముందే గంటలు, మనుషుల లెక్క కాగితం మీద రాసి అమ్మాయికి ఇవ్వండి; ఆమె తండ్రి చదువుకునేలా తెలుగులో, కన్నడలో ఇవ్వండి. మీ కోర్సుకు ప్రభుత్వ గుర్తింపు ఉంటే నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్‌లో అది ఏ పేరుతో ఉందో ఆ పేరే రాయండి; లేకపోతే లేదని రాయండి, ఫర్వాలేదు, గుర్తింపు లేకుండా బాగా నేర్పేవాళ్లు కూడా ఉన్నారు. అప్పు ఇప్పించేటప్పుడు మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో ముందుగా చెప్పండి. నలుగురు పనిచేసే చోట కూడా ఇప్పుడు అప్రెంటిస్‌ను తీసుకోవడానికి చట్టం వీలు ఇస్తోంది కాబట్టి, కోర్సు చివరి భాగాన్ని మాలాంటి పార్లర్లతో కలిపి పెట్టండి. స్టైపెండ్ మేము ఇస్తాం.

అంతవరకు ఆగడం కష్టమనుకుంటే ఇంకో మాట. మంగళవారం నాడు మనవాళ్లు జుట్టు కత్తిరించుకోరు, గోళ్లు తీసుకోరు. ఆ రోజు మా పార్లర్‌లో సగం కుర్చీలు ఖాళీగా ఉంటాయి. మా వీధిలో పూలు అమ్మేవారు, ఇళ్లలో పనిచేసేవారు, పక్క స్కూలు ఆయాలు డబ్బులు తీసుకోకుండా చేస్తామంటే వారాలు పట్టించుకోకుండా త్రెడింగుకు, తలకు నూనె మర్దనకు సంతోషంగా వస్తారు. నేను అడిగి చూశాను, పన్నెండు మంది పేర్లు ఇచ్చారు. మీ విద్యార్థుల్లో ఆరుగురిని, వారితో ఒక టీచరును పంపండి. ఉదయం పదింటికి రావాలి, దారం వాళ్లే తెచ్చుకోవాలి, తువ్వాళ్లు మావి. పుంగనూరు అమ్మాయి ఇప్పుడు బాగా చేస్తోంది. పక్కన నిలబడి చూపిస్తుంది.

ఇట్లు,
రామమూర్తి నగర్‌లోని ఒక పార్లర్ యజమానురాలు,
బెంగళూరు